ఊడవని రోజు

గాలిని పరీక్ష చెయ్యడానికి విశాఖపట్నం నుంచి డాక్టరమ్మ వస్తోందన్న కబురు తెలియగానే, గోగునార గొడౌనులో అందరికంటే ముందు చీపురు పట్టింది దాలమ్మ. ఆ గొడౌనులో పని పోగొట్టుకున్న మనిషి, గేటు దాటి రావద్దని చెప్పించుకున్న మనిషి, కొంగు బొడ్లో దోపుకుని వచ్చి నిలబడింది.

"గాలిని పరీక్ష సేస్తారేటప్పా ఎక్కడైనా?" అంది అసిరమ్మ. నార కట్టమీద కూర్చుని కాళ్ళూపుతోంది. "నాడి సూస్తారు, నాలిక సూస్తారు. గాలికి నాలికుంటాదేటి?"

"నీ నాలిక సూస్తే సాలు, ఊళ్ళో గాలంతా తెలిసిపోద్ది. లెగు, సీపురట్టుకో" అంది దాలమ్మ.

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఇద్దరు ముగ్గురు దగ్గారు. ఆ షెడ్డులో నవ్వితే దగ్గు రావడం ఎవరికీ కొత్త కాదు.

గజపతినగరం దాటాక, రైలు గేటుకు అవతల ఉంది ఆ గొడౌను. అరవై ఎనిమిదో సంవత్సరం కార్తీకమాసం. ఆ ఏడు గోగు బాగా పండింది. బళ్ళమీద నార కట్టలు వస్తూనే ఉన్నాయి. ఆడవాళ్ళు కట్టలు విప్పి, మొదళ్ళు కోసి, రంగు చూసి వేరు చేస్తారు. మొరటు నారమీద నూనె కలిపిన నీళ్ళు చల్లి, మనిషెత్తు కుప్ప వేసి, గోనెలు కప్పి మగ్గబెడతారు. మగ్గితే నార మెత్తబడుతుంది. కుప్ప విప్పిన రోజున లోపలినుంచి వేడి ఆవిరి, దాంతోపాటు తెల్లటి దుమ్ము లేచి మొహాన కొడుతుంది. ఆ నారను చేతుల్తో దులిపి, బేళ్ళు కట్టే ప్రెస్సుకి అందించాలి. దులిపే పని దాలమ్మది. ఆవిడ చెయ్యి పడితే నార దువ్విన జుట్టులా వస్తుందని గుమస్తా నరసింగరావే అనేవాడు.

ఆ నరసింగరావే వానాకాలంలో ఒక పొద్దున ఆవిణ్ణి గేటు దగ్గర ఆపేశాడు. "నీకు క్షయ, దాలమ్మా. పదిమందిలో ఉంచుకోలేం" అన్నాడు. విజయనగరం పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయన్నారు. కఫం పరీక్ష చేసి క్షయ క్రిమి కనపడలేదనీ అన్నారు. కనపడలేదన్న మాట ఎవరికీ పట్టలేదు. మచ్చలున్నాయన్న మాట మాత్రం ఊరంతా పట్టుకుంది. నూతి దగ్గర ఆవిడ చేద వేస్తే పక్కవాళ్ళు బిందెలు దూరంగా జరుపుకున్నారు. అదైనా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఎదురింటి తలుపు. ఎదురింట్లో కొడుకు ఎర్రన్న, కోడలు చిన్నతల్లి. వాళ్ళకో ఆడపిల్ల, ఇప్పుడిప్పుడే పాకుతోంది. నాన్నమ్మ గొంతు వినపడితే చాలు గుమ్మందాకా పాక్కుంటూ వస్తుంది. చిన్నతల్లి పిల్లను చంకనేసుకుని తలుపు దగ్గరగా వేసేస్తుంది. గట్టిగా వెయ్యదు పాపం, మెల్లగానే వేస్తుంది. మెల్లగా వేస్తుందనే దాలమ్మకు మరీ ఏడుపొస్తుంది.

జగ్గమ్మ ఊరుకునే మనిషి కాదు. ప్రెస్సు దగ్గర మోకు లాగే మనిషి, గొంతుకూడా మోకులాంటిదే. "దాలమ్మొక్కర్తే దగ్గుతన్నాదేటి? మేమందరం దగ్గుతన్నాం. రోగం మనిసిది కాదు, గొడౌనుది" అని లేబరాఫీసరు దగ్గరకి పదిమందిని వెంటేసుకుని వెళ్ళింది. వెళ్ళగా వెళ్ళగా చివరికి ఆయన కదిలాడు. డాక్టరమ్మ వచ్చి షెడ్డులో గాలి పరీక్ష చేస్తుందన్నాడు. గాలిలో బూజూ క్రిములూ ఉన్నాయని తేలితే తప్పు గొడౌనుది. లేవని తేలితే రోగం దాలమ్మది, ఆ ముద్రను ఇక తుడిచేవాడు లేడు.

ఇంత తెలిసీ దాలమ్మ చీపురు పట్టింది! ఎందుకంటే ఆవిడ ఆలోచన వేరు. "సుబ్బరం నేనోళ్ళకే క్షయ వస్తాది" అని నూతి దగ్గర ఎవరో అన్నారు. ఆ మాట ఆవిణ్ణి రోజూ పొడుస్తూనే ఉంది. జన్మలో చీపురు పట్టకుండా ఒక్క పొద్దు గడపని మనిషిని పట్టుకుని శుభ్రం లేదంటారా?

"వచ్చేది సదువుకున్న మనిసి" అంది అందరితో. "మనం పని సేసే సోటు అద్దంలాగుంటే, ఈళ్ళు సుబ్బరమైనోళ్ళు, ఈళ్ళకి క్షయేటని ఆవిడే అంటాది. సెడ్డు సూసి మూతి ముడుసుకుందనుకో, నా పని సరి."

ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. చుట్టం వస్తోందంటే ఇల్లలికి ముగ్గెయ్యని ఆడది ఆ చుట్టుపక్కల లేదు. జగ్గమ్మ కూడా సరేనంది. నరసింగరావు గేటు తానే తీసి దాలమ్మను లోపలికి రమ్మన్నాడు. ఫినాయిలు డబ్బా ఇచ్చాడు, గుగ్గిలం పొట్లం ఇచ్చాడు. "బాగా సెయ్యండే, మనందరి పరువూనూ" అన్నాడు. ఆ మనిషికి అంత మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పూట ఎవరూ అడగలేదు.

బూజులు దులిపారు. దూలాలమీద పేరుకున్న దుమ్ము రాల్చి తట్టల్తో బయట పోశారు. నేల కడిగారు. కుప్పలమీద కొత్త గోనెలు కప్పి చుట్టూ తాళ్ళతో బిగించారు. మర్నాడు పొద్దున్నే రెండు తలుపులూ బార్లా తెరిచి, మూకుడులో నిప్పులు పోసి, గుగ్గిలం చల్లి మూలమూలలా తిప్పింది దాలమ్మ. చూస్తే అది నార గొడౌనులా లేదు, పెళ్ళివారి విడిదిలా ఉంది.

డాక్టరమ్మ పేరు పద్మకుమారి. చిన్నపిల్లే, కళ్ళద్దాలు, తెల్లచీర, భుజాన సంచి. జీపులోంచి ఒక రేకు పెట్టెను పసిపిల్లను దింపినట్టు తనే దింపుకుంది. పెట్టెలో మూతలున్న గాజు పళ్ళేలు. వాటి అడుగున పసుపుపచ్చగా, మెత్తగా గట్టిపడి ఏదో ఉంది.

"ఓలమ్మా, జున్నే!" అంది అసిరమ్మ.

"జున్నే అనుకో. మనకి కాదు, క్రిములకి" అంది పద్మకుమారి నవ్వి. "గాలిలో బూజు కంటికి కనపడనంత సన్నగా తిరుగుతూంటుంది. మూత తీసి కాసేపు ఉంచితే వచ్చి దీనిమీద వాలుతుంది. మూత పెట్టేసి మూడు నాలుగు రోజులు ఆగితే అక్కడే మొలుస్తుంది. అప్పుడు మీక్కూడా కనిపిస్తుంది."

"అయితే ఇత్తనాలు సల్లినట్టే" అంది జగ్గమ్మ.

"అచ్చం అంతే."

ప్రెస్సు దగ్గరొకటి, కుప్పల దగ్గరొకటి, మొదళ్ళు కోసే చోటొకటి పెట్టింది. ఇంకొకటి గేటు బయట, రోడ్డువారన రాతిమీద పెట్టింది. బయటి గాలితో పోల్చి చూడాలట. ఆవిడ మూతలు తీస్తూంటే ఆడవాళ్ళంతా ఎవరో చెప్పినట్టు ఊపిరి బిగబట్టారు. దాలమ్మ అయితే కొంగు మడతలు పెట్టి మూతికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుపోయింది. తన ఊపిరి పోయి ఆ పళ్ళెంలో పడుతుందేమోనని ఆవిడ భయం.

పద్మకుమారి చుట్టూ చూసింది. గాలి వాసన చూసి కళ్ళద్దాలు సరిచేసుకుంది. "ఏదో పొగ వేసినట్టున్నారు?"

"మావాళ్ళకి భక్తి ఎక్కువండి మేడమ్‌గారూ" అన్నాడు నరసింగరావు.

ఆవిడ అతనివైపు చూడలేదు. దాలమ్మనే అడిగింది. "రోజూ ఇలాగే ఉంటుందా?"

నిజం చెప్పవలసిన క్షణం అదే. దాలమ్మ ఒక్కసారి షెడ్డంతా చూసుకుంది. కడిగిన నేల, బూజులేని దూలాలు, తన చేతి పనంతా కళ్ళముందు తళతళలాడుతోంది. ఎన్నో రోజుల తర్వాత ఒక చదువుకున్న మనిషి తనవైపు మొహం చిట్లించకుండా చూస్తోంది.

"రోజూ ఇలాగే ఉంటాదమ్మా. మేం ఇలాగే ఎట్టుకుంటాం" అంది గర్వంగా.

జగ్గమ్మ తల తిప్పి చూసింది. ఏదో అనబోయి, దాలమ్మ మొహంలో వెలుగు చూసి ఊరుకుంది. నరసింగరావు పైగుడ్డతో మెడ తుడుచుకుని, డాక్టరమ్మకి కొబ్బరిబొండాం తెప్పించాడు.

పద్మకుమారి ట్రావెలర్సు బంగళాలో ఉంది. పళ్ళేల సంగతి తేలేదాకా అక్కడే ఉంటానంది. ఆ రోజులన్నీ దాలమ్మ ఎదురింటి తలుపు చూసి ఏడవలేదు. ఇంకెన్నాళ్ళులే అనుకుంది. పిల్లకోసం పాత చీర చింపి చిన్న బొంత కుట్టడం మొదలుపెట్టింది కూడా.

బొంత సగంలో ఉండగానే డాక్టరమ్మ కబురు పెట్టింది. దాలమ్మ వెళ్ళేసరికి, ఆవిడ బంగళా వరండాలో బల్లమీద పళ్ళేలు వరసగా పెట్టుకుని కూర్చుంది. జగ్గమ్మ అప్పటికే వచ్చి గుంజకు చేరబడి నిలబడింది. మొహం బాగాలేదు.

"కూర్చో దాలమ్మా" అంది పద్మకుమారి. "నీకు అబద్ధం చెప్పలేను. షెడ్డులో పెట్టిన పళ్ళేల్లో ఏమీ మొలవలేదు. ఒక్కోదాంట్లో ఒకటో రెండో చుక్కలు. ఇంట్లో పెట్టినా అంతకంటే ఎక్కువే వస్తాయి."

"మంచిదేనామ్మా?" అంది దాలమ్మ. నోరు అడిగిందిగాని మనసుకు అప్పటికే తెలిసింది.

"గొడౌనుకి మంచిది. నీకు కాదు. గాలి శుభ్రంగా ఉందని రాస్తే, నీ ఊపిరితిత్తుల్లో మచ్చలు మరెక్కణ్ణుంచి వచ్చాయంటారు? క్షయ అనే అంటారు. నేను కాదనడానికి నా చేతిలో ఏమీ ఉండదు."

దాలమ్మ బల్లమీదికి వంగింది. మూడు పళ్ళేలు తేటగా ఉన్నాయి. నాలుగోదాంట్లో మాత్రం ఆకుపచ్చ చుక్కలు, నల్ల చుక్కలు, చిన్నచిన్న దూది ఉండల్లా లేచి ఉన్నాయి.

"ఇదెక్కడిదమ్మా?"

"గేటు బయటిది. అదే నాకూ అర్థం కావడం లేదు. రోడ్డుమీద ఉన్న బూజు, నార గొడౌనులో లేకుండా ఎలా పోతుంది?"

దాలమ్మ నేలమీద చతికిలబడింది. ఎలా పోతుంది! మూలమూలలా తిప్పిన గుగ్గిలం పొగ, కడిగిన ఫినాయిలు, తట్టల్తో ఎత్తిపోసిన దుమ్ము, తాళ్ళతో బిగించిన గోనెలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. తన చేతుల్తో తానే చేసుకుంది. తనను బతికించే సాక్ష్యాన్ని తానే ఊడ్చి బయట పారబోసింది. పైగా రోజూ ఇలాగే ఉంటాదని నోరారా చెప్పింది.

"అబద్ధం సెప్పినానమ్మా" అంది.

"ఏమిటి?"

"రోజూ ఇలాగుండదు. దుమ్ములో పక్కనున్న మనిసి అగుపడదు. ఊడుస్తామంటే పనాగిపోద్దని ఊడవనివ్వరు. ఆ రోజు మీరొస్తన్నారని కడిగినాం. నానే కడిగించినాను."

పద్మకుమారి లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "ఎందుకలా చెప్పావు? ఇంత దూరం నుంచి ఈ పెట్టె మోసుకుని ఎందుకొచ్చాననుకున్నావు? నీకోసమే కదా! నిన్నే కదా అడిగాను!"

దాలమ్మకూ కోపం వచ్చింది. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే అంది: "ఇంటికొచ్చిన మనిసికి మట్టి సూపిస్తామేటమ్మా? మీ అమ్మ సూపిస్తాదా? ముందు సెప్పొద్దా మీరు, ఊడవకండని? నానేటి సదువుకున్నానేటి?"

జగ్గమ్మ గుంజ వదిలి ముందుకొచ్చింది, గొడవౌతుందేమోనని. పద్మకుమారి మాత్రం మళ్ళీ కుర్చీలో కూర్చుంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మా అమ్మ అయితే గుమ్మానికి తోరణం కూడా కట్టేది" అంది. "తప్పు నాదే. ఫలానా రోజున వస్తున్నానని ముందుగా కబురు పెట్టి వచ్చాను. ఇంకా రిపోర్టు పంపలేదు. రెండోసారి పళ్ళేలు పెట్టే అధికారం నాకుంది. కాని చిక్కేమిటంటే, చెప్పకుండా వస్తే గేటు తియ్యరు. చెప్పి వస్తే ఊడుస్తారు."

దాలమ్మ లేచి చీర దులుపుకుంది. "సెప్పే రండమ్మా" అంది. "సీపుళ్ళ సంగతి మేం సూసుకుంటాం."

నరసింగరావు రెండో పరీక్షకి ఒక్కమాట అడ్డం చెప్పలేదు. "తప్పకుండా రండి మేడమ్‌గారూ. ఈసారి ఇంకా బాగా శుభ్రం చేయిస్తాను" అన్నాడు నవ్వుతూ. దాలమ్మ వాళ్ళ దగ్గర నేర్చుకున్న విద్యేగా!

ఆ రోజు పొద్దున్నే చీపుళ్ళ మోపు తెచ్చి షెడ్డు మధ్యలో పడేశాడు. "లెగండే లెగండి. ఆవిడొచ్చేలోపల అద్దంలా ఉండాల."

ఎవరూ లేవలేదు. అసిరమ్మ చీపుళ్ళ మోపు దగ్గరకి వెళ్ళి, చుట్టూ ఒకసారి తిరిగి, తీరిగ్గా దానిమీద కూర్చుంది. కూర్మమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. తర్వాత మరొకామె. కూర్చున్నవాళ్ళ మొహాల్లో భయం లేకపోలేదు. అసిరమ్మ కాలు ఊగడం లేదు ఇవాళ.

"ఏటిది?" అన్నాడు నరసింగరావు.

"రోజూ ఊడుస్తామంటే పొద్దు పోతాదంటావు" అంది జగ్గమ్మ. "ఈయేల పొద్దు ఎక్కణ్ణుంచొచ్చినాది బావూ?"

"నోర్మూసుకుని ఊడవండి. నేకపోతే అందర్నీ తీసేస్తాను."

"తీసెయ్యి. ఈయేల ఆ పెద్ద కుప్ప విప్పే రోజు. రేపటికుంటే నార ముగ్గి పాడైపోద్ది. సావుకారుకి నువ్వే సెప్పుకో. నువ్వు విప్పుతావేటి?"

నరసింగరావు కుప్పవైపు చూశాడు. గోనెల సందుల్లోంచి అప్పుడే సన్నగా ఆవిరి లేస్తోంది. ఆపితే నార కుళ్ళుతుంది, ఆ సంగతి వాళ్ళకంటే అతనికే బాగా తెలుసు. గేటు దగ్గర చప్పుడైతే తిరిగి చూశాడు. దాలమ్మ లోపలికి వస్తోంది.

"నువ్వు లోపలికి రాకూడదు!"

"మొన్న ఊడవడానికి రావొచ్చునేటి?" అంది దాలమ్మ, ఆగకుండా నడుస్తూనే.

ఆ మాటకి అసిరమ్మ పకాలున నవ్వింది. నవ్వు అందరికీ అంటుకుంది, దగ్గు కూడా అంటుకుంది. నరసింగరావుకి ఒళ్ళు మండిపోయింది. మూలనున్న పాత చీపురు ఒకటి దొరికితే తనే పట్టుకుని ఊడవడం మొదలుపెట్టాడు. మల్లెపువ్వులాంటి పంచె, జేబులో పెన్ను, చేతిలో చీపురు! నీళ్ళు చల్లకుండా ఊడిస్తే ఏమవుతుందో ఆ పెద్దమనిషికి ఏం తెలుసు? దుమ్మంతా మేఘంలా లేచి దూలాలకెక్కింది. నాలుగు బార్లు ఊడ్చేసరికి వంగిపోయి దగ్గడం మొదలుపెట్టాడు.

"నీళ్ళు సల్లుకోవాల బావూ" అంది కూర్మమ్మ, కూర్చున్నచోటునుంచే.

చీపురు విసిరికొట్టి, నిప్పుల మూకుడు తెచ్చాడు. గుగ్గిలం పొట్లం విప్పుతున్నాడు. దాలమ్మ తాగేనీళ్ళ కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచి, అతని చేతికింద ఉన్న నిప్పులమీద కుమ్మరించింది. చుయ్‌మని బూడిద లేచి అతని పంచెమీద పడింది.

"నీకెంత పొగరే!"

"పొగరే. ఊరందరి ముందూ క్షయ అన్నావు. నా మనవరాలు నా మొకం సూడకుండా సేసినావు. నానింకేటి పోగొట్టుకుంటాననుకున్నావు నువ్వు?" అంది దాలమ్మ. చెంబు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. నరసింగరావు దానివైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

జీపు చప్పుడైంది.

పద్మకుమారి గుమ్మంలో అడుగు పెట్టి ఆగిపోయింది. చీరమీద, కళ్ళద్దాలమీద దుమ్ము వాలుతోంది. ఆవిణ్ణి చూడగానే దాలమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. కూర్చోడానికి ఉన్న ఒక్క ముక్కాలిపీట మీద వేలుపెట్టి గీత గీయగలిగినంత దుమ్ము ఉంది. తెలియకుండానే కొంగు చేతిలోకి వచ్చింది. పీటవైపు చెయ్యి వెళ్ళింది. తుడవకపోతే ప్రాణం పోయేలా ఉంది. మధ్యలో చెయ్యి ఆపి, కొంగును పిడికిట్లో నలిపి పట్టుకుంది.

"కూసోండమ్మా" అంది. పీట తుడవకుండా మనిషిని కూర్చోమనడం ఆవిడ బతుకులో అదే మొదటిసారి.

పద్మకుమారి పీటవైపు చూసింది, దాలమ్మ పిడికిలివైపు చూసింది. ఆ దుమ్ములోనే తెల్లచీరతో కూర్చుంది. పెట్టె తెరిచింది.

జగ్గమ్మా కూర్మమ్మా కుప్ప తాళ్ళు విప్పారు. గోనెలు లాగారు. లోపలి వేడి బుస్సున పైకొచ్చింది. నారమీద పిండి చల్లినట్టు తెల్లగా బూజు. దాలమ్మ అందరికంటే ముందుకెళ్ళి ఒక కట్ట ఎత్తుకుంది.

"నువ్వొద్దప్పా" అని జగ్గమ్మ చెయ్యి పట్టుకుంది. "మొన్నమొన్ననే తేరుకున్నావు."

"దులిపే పని నాది" అంది దాలమ్మ, చెయ్యి విడిపించుకుని.

దులిపింది. ఎప్పటిలాగే, భుజంమీంచి ఎత్తి గాలిలో విదిలించి దులిపింది. తెల్లటి పొగ ఆవిడ తలమీద, కనురెప్పలమీద పడింది. రెండో కట్టకి దగ్గు వచ్చింది. మూడో కట్టకి మోకాళ్ళు వంగాయి. పద్మకుమారి పీటమీంచి లేచిపోయి "చాలు, చాలు! బయటికి రా!" అని అరిచింది.

దాలమ్మ నారను వదల్లేదు. "ముందు మూతలు తియ్యండమ్మా" అంది, దగ్గు మధ్యలో. "మూతలు తియ్యండి."

పద్మకుమారి మూతలు తీసింది.

ఆ సాయంత్రం దాలమ్మకు చలిజ్వరం వచ్చింది. ఊపిరి ఆడలేదు. ఎర్రన్న పరిగెత్తుకెళ్ళి డాక్టరమ్మను తీసుకొచ్చాడు. సూదిమందు ఇచ్చి, నాడి పట్టుకుని మంచం పక్కనే కూర్చుందావిడ. "నిన్నెవరు దులపమన్నారు?" అని కసురుకుంది. "గొడౌను మానేశాక ఇలా జ్వరం ఎప్పుడైనా వచ్చిందా?"

"నేదమ్మా. దగ్గు కూడా తగ్గిపోయినాది."

"ఒక్క పూట వెళ్ళేసరికి మళ్ళీ వచ్చింది. క్షయ అయితే ఇలా పోదు, ఇలా రాదు. నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలియడం లేదు నాకు."

"పళ్ళేల సంగతి తేలినాక సెప్పండి" అంది దాలమ్మ, దుప్పట్లోంచి.

వరండాలో పెట్టిన ఆ పళ్ళేలను చూడ్డానికి జగ్గమ్మ రోజూ బంగళాకి వెళ్ళొచ్చేది. "ఇంకా ఏటీ నేదు" అంది ఒకరోజు. మర్నాడు "పొగమంచులాగున్నాది" అంది. ఆ మర్నాడు నవ్వుకుంటూ వచ్చింది. దాలమ్మ అప్పటికి లేచి కూర్చుని గంజి తాగుతోంది.

ఆ పొద్దున పద్మకుమారే వచ్చింది. ఇరుకు వీధిలోకి జీపు రాదు, రేకు పెట్టె చేత్తో పట్టుకుని నడిచొచ్చింది. వెనకాల గొడౌను ఆడవాళ్ళంతా వచ్చారు. నూతి దగ్గరున్నవాళ్ళు బిందెలు అక్కడే దింపేసి వచ్చారు. నరసింగరావు కూడా వచ్చి వీధి మలుపులో నిలబడ్డాడు.

డాక్టరమ్మ దాలమ్మ ఇంటి అరుగుమీద కూర్చుని పళ్ళేలు తీసింది. మూతలు ఊడకుండా చుట్టూ అంటించి ఉన్నాయి. అడుగున జున్ను కనపడటం లేదు. ఆకుపచ్చ, నలుపు, బూడిదరంగు బూజు నూగులా లేచి గాజు మూతకి తగులుతోంది.

"ఓలమ్మో!" అని అసిరమ్మ వెనక్కి గెంతింది. "ఇదంతా మనం పీలుస్తన్నామేటి?"

"రోజూ" అంది పద్మకుమారి. "ఇది మగ్గిన నారలోంచి లేచే బూజు. దాలమ్మ ఊపిరితిత్తుల్లో మచ్చలు దీనివల్ల వచ్చినవి. కఫంలో క్షయ క్రిమి లేదని ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పారు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. పక్కన కూర్చున్నా, నీళ్ళు తోడుకున్నా, పిల్లనెత్తుకున్నా అంటుకోదు. రిపోర్టులో ఇదే రాశాను, ఇవాళే వెళ్తోంది."

నూతి దగ్గరనుంచి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాలమ్మ పళ్ళెం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తన ఛాతీలో ఇన్నాళ్ళూ ఉన్నది ఇదన్నమాట. దాన్ని వీధిలో అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది.

"సూసుకోండి" అంది. "బాగా సూసుకోండి. నా రోగం పేరు ఇది."

నరసింగరావు మెల్లగా దగ్గరకొచ్చాడు. "సావుకారుగారు నిన్ను రేపట్నుంచి పనిలోకి రమ్మన్నారు దాలమ్మా. ఇంతటితో ఒగ్గెయ్."

"గోడలకి కిటికీలెట్టమను. కుప్పలు ఆరుబయట విప్పుదాం. అప్పుడు కబురెట్టు, అందరం వస్తాం" అంది దాలమ్మ.

"అందరం" అంది జగ్గమ్మ వెనకనుంచి. అసిరమ్మ కూడా అంది, కొంచెం చిన్నగా. నరసింగరావు వాళ్ళను ఒక్కొక్కరినీ చూసి, తిరిగి వెళ్ళిపోయాడు. ఆ పంచెమీద బూడిద మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు.

అప్పుడు తెరుచుకుంది ఎదురింటి తలుపు. చిన్నతల్లి పిల్లను చంకనేసుకుని వీధి దాటి వచ్చింది. తలెత్తి అత్తను చూడలేకపోతోంది. కళ్ళనిండా నీళ్ళు. చుట్టూ చూసింది. అరుగుమీద డాక్టరమ్మ కూర్చుని ఉంది, నలుగురూ చేరారు, దాలమ్మకు జ్వరం వచ్చినప్పట్నుంచీ వాకిలి ఊడ్చినవాళ్ళు లేరు. గబుక్కున వంగి, గోడకు ఆనించిన చీపురు అందుకుంది.

"అయ్యో, ఇంత మట్టిలో కూకున్నారేటమ్మా! లెగండి, ఒక్క నిమిసం..."

"చిన్నతల్లీ" అంది దాలమ్మ.

కోడలు ఆగింది. ఒక చేతిలో చీపురు, ఒక చంకలో పిల్ల. పిల్ల అప్పటికే నాన్నమ్మ గొంతు విని రెండు చేతులూ చాస్తోంది.

"సీపురు కిందెట్టు" అంది దాలమ్మ, చేతులు చాపి. "ముందు పిల్లని ఇలాగియ్యి."